మూసిన నోటికి తాంబూలం

హన్మకొండ దారిలో జట్కా బోల్తాపడి నా దవడ విరిగితే ఆపరేషన్ చేసి, పైపళ్లనూ కిందిపళ్లనూ కలిపి తీగతో కట్టేశారు. రేపు ఆ తీగ విప్పుతారు. ఈ సాయంత్రం మగ్గాలవాడ లింగయ్య పరామర్శకు వచ్చాడు. ఆయన కొడుకు నాటకాల్లో వేషాలు కడతాడు; వాడికి మా అమ్మాయి సరోజను ఇవ్వనని ఏడాదిగా చెబుతున్నాను.

"ఏమంటవ్ బావా? ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు," అన్నాడు.

గుర్రుమన్నాను. వద్దన్నట్టు చెయ్యి చాపాను. ఆ చేతిలోనే తాంబూలం పెట్టి, "ఇగ ఖాయమైనట్టే. జర ఫికర్ చెయ్యకు," అన్నాడు.

తాంబూలం పుచ్చుకున్నాక మాట తప్పడం మా ఇంటావంటా లేదు. ఆకువక్క నమిలి కోపం తీర్చుకుందామంటే అదీ కుదరదు.

తీగ రేపు విప్పుతారని డాక్టరు చెప్పినప్పుడు నా పక్కన ఉన్నది సరోజ ఒక్కతే. మరి ఇవాళే రమ్మని లింగయ్యకు కబురు పెట్టిందెవరో మీరే చెప్పండి.