స్లీపర్‌లోనే వచ్చాడండీ

నిన్న బ్యాంకులో బొటనవేలికి సిరా పూయగానే ఆ వాసనకి సత్యానందం గారు గుర్తొచ్చారు. బందరు కచేరీ గోడ పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసేవారు. నాకు అక్షరం ముక్క రాదు. మాటకి భయపడటం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మా ఆయన చిలకలపూడిలో గిల్టు నగలకి మెరుగు పెట్టేవాడు. ఒకసారి గాజులు అమ్మడానికి ముంబై వెళ్ళి వచ్చాడు. ఆ వారమే ఎక్కడో బాంబు పేలింది. ఒక పెద్ద నాయకుడు టీవీలో, స్లీపర్ సెల్స్ మన ఊళ్ళలోనే ఉన్నాయన్నాడు. మూడో రోజుకి పోలీసులు మా ఇంటికొచ్చారు. మెరుగు పనికి వాడే యాసిడ్ క్యాన్లు చూసి, మా ఆయన్ని జీపెక్కించారు. నేను సత్యానందం గారిని తోడు తీసుకుని స్టేషనుకి పరుగెత్తాను.

"నీ మొగుడు స్లీపర్ సెల్లా?" అనడిగాడు అక్కడి రైటరు.

"అవునండీ, స్లీపర్‌లోనే వచ్చాడు. సెల్లు కూడా ఉందండీ, చార్జింగే నిలవదు."

అతను గబగబా రాసి వేలిముద్ర వెయ్యమన్నాడు. సిరా అంటిన నా చెయ్యి పట్టుకుని ఆపారు సత్యానందం గారు. కాగితం తీసుకుని పైకి చదివారు: "నా భర్త స్లీపర్ సెల్ అని ఒప్పుకుంటున్నాను."

"అంటే ఏంటండీ బాబాయిగారూ?"

"మనలో కలిసిపోయి, పిలుపు రాగానే బాంబులు పెట్టేవాడమ్మా."

నా మొగుణ్ణి నా నోటితోనే పట్టిచ్చేశాను.

"ఆవిడ రైలు సంగతి చెబుతోందండీ," అన్నారాయన, పక్క బల్ల దగ్గర కూర్చున్న ఎస్సై గారితో.

"నాకు మాత్రం తెలీదాండీ? పైనుంచొచ్చిన ఫారంలో ఆ గడి ఉంది. ఖాళీగా పంపితే ఎందుకు ఖాళీ అంటారు."

"టీవీలో ఒకాయన ఒక మాటన్నాడు. ఆ మాటకి గడి గీశారు. ఇప్పుడు గడికి మనిషి కావాలా బాబూ?"

ఎస్సై గారు ఒక కొత్త కాగితం తీసి రైటరు ముందుకి తోశారు. "ఆవిడ ఏమందో అదే రాయవయ్యా," అన్నారు.

"చార్జింగ్ నిలవదన్నది కూడా రాయండి," అన్నారు సత్యానందం గారు.

మర్నాడు మా ఆయన్ని వదిలేశారు. సంగతి విని, "ఈసారి జనరల్‌లో వస్తాలేవే," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

మా ఆయనా, సత్యానందం గారూ ఇద్దరూ పోయారు. నిన్న బ్యాంకులో సిరా అంటిన వేలు అలాగే గాల్లో పెట్టి, "ముందు చదివి వినిపించు నాయనా," అన్నాను. వెనక లైన్లోవాళ్ళు విసుక్కున్నారు. ఇది రాసిపెడుతున్న పక్కింటి అమ్మాయి చేత కూడా రెండుసార్లు చదివించుకున్నాను. ఇవన్నీ నా మాటలే. ఇప్పుడు వేస్తున్నాను వేలిముద్ర.