పెద్దమ్మ వేయించిన స్నో టైర్లు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున పెదనాన్న ఫోన్ చేశారు. "మీ పెద్దమ్మ వెళ్ళిపోయిందమ్మా. టీ పెట్టి లేపాను. లేవలేదు," అన్నారు. "నిద్రలోనే పోయింది. ఏమీ బాధపడలేదు," అని తిరిగి నన్నే ఓదార్చారు. నేనుండే హాలిఫాక్స్ నుంచి వాళ్ళుండే ట్రూరోకు గంట దారి. కారు నడుపుతున్నంతసేపూ, కొన్నేళ్ళ కిందట ఇదే రోడ్డు మీద ఆమె పక్కన కూర్చుని చేసిన ప్రయాణమే కళ్ళ ముందు తిరిగింది. కన్నీళ్ళతో పాటు గర్వం కూడా పొంగుకొచ్చింది. ఆ గర్వంలో మీకూ కాస్త పంచాలనిపించి ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. నరసాపురంలో పుట్టింది. నర్సింగ్ చదివి, పెళ్ళయ్యాక కెనడా వచ్చి, రిటైరయ్యేదాకా ట్రూరో ఆసుపత్రిలోనే పనిచేసింది. ఆసుపత్రి ఇంటికి నడిచి వెళ్ళేంత దగ్గర. అందుకని కారు నడపాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. బజారుకైనా, చర్చికైనా పెదనాన్నే తీసుకెళ్ళేవారు. ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచి తొనలు అందించడం ఆమె వంతు.

షుగరు వల్ల పెదనాన్న కళ్ళు మసకబారాయి. తర్వాత కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. కిడ్నీ మార్పిడి కోసం హాలిఫాక్స్ ఆసుపత్రి జాబితాలో పేరు ఇచ్చారు. పేషెంట్ల కోసం వచ్చే వ్యాన్ ఉంది కానీ, అది ఒక్కోరోజు వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు. అరవై దాటిన పెద్దమ్మ ఒక సాయంత్రం భోజనాల దగ్గర, "నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను," అంది. అడగలేదు, చెప్పింది.

మొదటి రోడ్ టెస్టు ఫెయిలైంది. ఓదార్చడానికి నేను ఫోన్ చేస్తే పకపకా నవ్వింది. "నర్సింగ్ స్కూల్లో నా మొదటి ఇంజెక్షన్ బత్తాయికి ఇచ్చానే. సూది ఇటు గుచ్చితే అటు వచ్చేసింది. ఆ తర్వాత ఎంతమందికి ఇచ్చాను! ఎవరైనా అరిచారా?" అంది. రెండోసారి పాసయింది.

లైసెన్సు వచ్చిన ఏడాదే, మంచులో జారకుండా పట్టుకునే స్నో టైర్లు వేయించాలని పెద్దమ్మ అనడంతో టైర్ల గొడవ మొదలైంది. అక్టోబరులో ఒక శనివారం నేను అక్కడే ఉన్నాను. టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో ఉండే మా అన్నయ్య, అంటే వాళ్ళబ్బాయి, ఫోన్ స్పీకర్‌లో ఉన్నాడు.

"అమ్మా, ఆల్-సీజన్ టైర్లంటేనే అన్ని సీజన్లకీ అని. నేను రోజూ వాటితోనే టొరంటో డ్రైవ్ చేసి వస్తున్నాను కదా. మళ్ళీ స్నో టైర్లెందుకు?"

"మీ హైవే మీద మంచు పడీ పడకముందే, అది కరగడానికి ఉప్పు చల్లేస్తారు నాయనా. మాది ఏటవాలు వీధి. ఇక్కడికి మంచు తోసే ప్లౌ బండి వచ్చేసరికి పొద్దెక్కుతుంది."

పెదనాన్న సోఫాలోంచి కొడుకు పక్షాన చేరారు. "ఇన్నేళ్ళూ నేను ఆల్-సీజన్ మీదే నడిపాను. ఏమైంది?"

"ఏమీ కాలేదు. తుపాను రోజున మీరు కారు బయటికి తీస్తే కదా, ఏమన్నా అవడానికి! సెలవు పెట్టి పకోడీలు వేయమనేవారు. మీ కిడ్నీలకి ఎవరిస్తారు సెలవు?"

ఫోన్‌లో అన్నయ్య నవ్వేశాడు. పెదనాన్న కాస్త తగ్గి, "పోనీ, ముందు రెండు చక్రాలకీ వేయిద్దాం," అన్నారు.

"చలికి ఒక కాలికే మేజోడు వేసుకుంటారా మీరు?" అంది పెద్దమ్మ. అంతటితో ఆ చర్చ ముగిసింది.

టైర్ల షాపుకు నన్నూ తీసుకెళ్ళింది. పని పూర్తయ్యాక ఒక టైరు మీద చెయ్యి పెట్టి, బొటనవేలితో గాడుల మధ్య నొక్కి చూసింది. ఐవీ సూది పెట్టే ముందు పేషెంట్ చేతి మీద నరం వెతికినట్టు ఉంది ఆ నొక్కడం. "చలికి నరం బిగుసుకుపోతుంది చూడు, మామూలు రబ్బరూ అంతే. గట్టిపడితే రోడ్డుని పట్టుకోదు. ఇది చలిలో కూడా మెత్తగానే ఉంటుందట," అంది. అక్కడున్న కుర్రాడు గట్టి మంచుకి పనికొస్తుందని చెప్పేలా టైరు పక్కన అచ్చువేసిన గుర్తు చూపించాడు. కొండ, దాని మధ్యలో మంచురేకు. ఆమె దాన్ని వేలితో తడిమి, "బాగుంది," అంది.

మొదటి మంచు పడిన ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక, ఖాళీ అయిన చర్చి పార్కింగ్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టింది. ముందుకు పోనిచ్చి, ఉన్నట్టుండి బ్రేకు తొక్కడం. చక్రాలు జారకుండా ఆపే ఏబీఎస్ పనిచేసి కాలి కింద పెడల్ గడగడలాడితే మొదటిసారి ఉలిక్కిపడి కాలు తీసేసింది. రెండోసారి తీయలేదు. మెట్ల మీద నిలబడి చూస్తున్న పాస్టర్ గారు, "అమ్మగారూ, ఏం చేస్తున్నారు?" అని కేకేశారు. "ఆగడం నేర్చుకుంటున్నానండీ! కదలడం వచ్చేసింది!" అని అద్దం దించి జవాబు చెప్పింది. ఆ మధ్యాహ్నం నేను పక్క సీట్లో ఎన్ని కుదుపులు తిన్నానో నాకే తెలియదు.

ఆ తర్వాత జనవరిలో ఒక వారాంతం వాళ్ళింటికి వెళ్ళి, మంచు తుపాను వల్ల అక్కడే చిక్కుకుపోయాను. సోమవారం పొద్దున ఫోన్ మోగింది. పెద్దమ్మ తీసి వింది. "ఎస్, ఎస్, వీ ఆర్ కమింగ్," అని పెట్టేసి మా వైపు తిరిగింది.

"కిడ్నీ దొరికిందట. హాలిఫాక్స్ రమ్మంటున్నారు. వీలైనంత తొందరగా."

పెదనాన్న కిటికీలోంచి బయటికి చూశారు. వీధి, ఫుట్‌పాత్, గడ్డి అంతా ఒకే తెలుపు. "ఇందులోనా?" అన్నారు. ఆ రోజు వెళ్ళలేకపోతే ఆ కిడ్నీ ఇంకొకరికి పోతుంది. మళ్ళీ పిలుపు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

సంగతి తెలిసి పక్కింటాయన, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మంచి మనిషి, తన పెద్ద ట్రక్కులో దింపుతానన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్. మేం సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాం. ట్రక్కు వాళ్ళ డ్రైవ్‌వే నుంచి బ్రహ్మాండంగా బయటికొచ్చింది. మా ఇంటి ముందు ఆగబోయింది. ఆగలేదు. చక్రాలు తిరగడం మానేసినా ట్రక్కు మాత్రం వాలు వెంట మెల్లగా, పక్కవాటుగా జారుకుంటూ పోయి కింద మంచు గుట్టలో ముక్కు దూర్చింది. ఆయన దెబ్బ తగలకుండా దిగి, పైకి నడిచొచ్చి, టోపీ తీసి దులుపుకుంటూ, "నావి ఆల్-సీజన్ టైర్లు. మీ కారే నయం. మీరే నడపండి," అని ఇంగ్లీషులో అన్నాడు.

పెద్దమ్మ కోటు గుండీ పెట్టుకుంది. "ఎక్కండి," అంది.

ఆ వాలు వీధిలోకి కారు దిగుతున్నప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కింద స్టాప్ గుర్తు దగ్గర నిశ్చలంగా నిలబడి ఉన్నాం. ఆమె అటూ ఇటూ చూసి, సిగ్నల్ వేసి, మలుపు తిరిగింది.

హైవే మూయలేదు కానీ, దాని మీద పెద్దగా ఎవరూ లేరు. ముందు ఒక ప్లౌ పోతుంటే చాలా దూరం వదిలి దాని వెనకే నడిపింది. వెనక సీట్లో పెదనాన్న భయంతో ఏదో ఒకటి మాట్లాడుతున్నారు. "ఏమండీ, కావాలంటే పాటలు పాడుకోండి. నాతో మాత్రం మాట్లాడకండి," అంది. ఆయన సన్నగా ఒక కీర్తన ఎత్తుకున్నారు. స్వరం వణుకుతున్నా ఆపలేదు.

సగం దారిలో ప్లౌ పక్కదారిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి మమ్మల్ని దాటిపోయిన ఒక చిన్న కారు ఎదురుగా గిర్రున తిరిగి, రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. లోపల ఒక అమ్మాయి స్టీరింగు పట్టుకుని మా వైపే చూస్తోంది. పెద్దమ్మ బ్రేకు తొక్కింది. పెడల్ గడగడలాడింది. ఆమె కాలు తీయలేదు. కారు గీత గీసినట్టు తిన్నగా వెళ్ళి, ఆ అమ్మాయి తలుపుకు ఇంకా చోటుండగానే ఆగింది. పాట ఆగిపోయింది. ఆ అమ్మాయి చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెట్టినట్టు ఊపి, కారు మెల్లగా తిప్పుకుని కదిలింది.

"పాడండి," అంది పెద్దమ్మ.

హాలిఫాక్స్ ఆసుపత్రి గుమ్మం ముందు చక్రాల కుర్చీతో ఒక నర్సు ఎదురొచ్చింది. ఇంత తుపానులో ఎలా వచ్చారని అడిగింది. "ఐ డ్రోవ్," అంది పెద్దమ్మ. రెండే మాటలు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఏ మెడల్ అందుకున్నా ఆ ముఖంలో అంత వెలుగు వచ్చి ఉండదు.

పెదనాన్నను లోపలికి తీసుకెళ్ళాక తిరిగొచ్చి, పార్క్ చేసిన కారులో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు తీరిగ్గా భయపడతానమ్మా కాసేపు," అంది. తర్వాత తల వంచి ప్రార్థన చేసింది. మా కోసం కాదు. "ఈ పొద్దున ఎవరింట్లోనో ఏడుస్తున్నారు ప్రభువా, వాళ్ళని ఆదుకో," అని. అవయవం ఇచ్చిన ఆ ఇల్లు ఏదో మాకు ఎన్నటికీ తెలియదు. ఆమె మాత్రం రోజూ వాళ్ళని ప్రార్థనలో తలచుకుంటూనే ఉండేది.

ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త కిడ్నీ ఆ రోజే పని మొదలుపెట్టింది. విమానాలు తిరగడం మొదలయ్యాక అన్నయ్య వచ్చాడు. తల్లిని కౌగిలించుకున్నాడు. తిరిగి వెళ్ళిన వారంలో ఒక ఫోటో పంపాడు, తన కారుకి వేయించిన స్నో టైర్లది. పెద్దమ్మ ఆ ఫోటో చూసి, "నాలుగూ వేయించావా?" అని ఫోన్ చేసి మరీ అడిగింది.

ఆ తర్వాతి శీతాకాలాల్లో ఆమె కారు ఊరందరిదీ అయింది. తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి కాలేజీకి వచ్చిన పిల్లల్ని పార్ట్‌టైమ్ ఉద్యోగాలకు దింపేది. ఎవరైనా సెకండ్ హ్యాండ్ కారు కొని చూపిస్తే, రంగు చూసేది కాదు, వంగి చక్రాలు చూసేది. "ఆంటీ, టీవీ కొన్నాక టైర్లు మారుస్తాను," అన్నాడొక అబ్బాయి. "టీవీ చూడ్డానికి ఇంటికి చేరాలి కదరా," అంది. సమాధి కార్యక్రమానికి ఆ పిల్లలంతా వచ్చారు. ఆ రోజూ మంచు పడుతూనే ఉంది. ఒక్కరూ ఆలస్యం కాలేదు.

పెదనాన్న ఇప్పుడు బాగున్నారు. ఒంటరిగా ఉన్నారు, కానీ బాగున్నారు. ఆ రోజు గురించి ఆయన దగ్గర మాట్లాడితే కళ్ళు తుడుచుకుని, వెంటనే నవ్వుతారు.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చేది ఆపరేషన్ తర్వాత వచ్చిన మొదటి జూలై. డయాలసిస్ రోజుల్లో, ఒంట్లో నీరు చేరకూడదని, ఆయన నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగేవారు, పుచ్చకాయ ఊసే ఎత్తనిచ్చేవారు కాదు. ఆ మధ్యాహ్నం డ్రైవ్‌వేలో కుర్చీలు వేసుకున్నాం. పెద్దమ్మ ఆ ఒక్కరోజుకి షుగరు లెక్క పక్కన పెట్టి, ఒక పుచ్చకాయను నిలువుగా రెండు చెక్కలు కోసి, ఒక చెక్క మొత్తం చెంచాతో సహా ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చెంచా పక్కన పడేసి, ముఖం అందులో ముంచి తిన్నారు. రసం గడ్డం మీంచి, మోచేతుల మీంచి చొక్కా మీదికి కారుతోంది. పెద్దమ్మ ఎదురుగా నిలబడి, చేతిలో కత్తి అలాగే పట్టుకుని, ఆ ఎండలో కళ్ళు చికిలించుకుని నవ్వుతోంది.