కల్లం చేతులు

తెల్లవారేసరికే మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పుతున్నాం. అప్పుడు మా మేనత్త కూతురు ఫోన్ చేసింది. సింగరాయకొండ నుంచి వచ్చి కొన్ని నెలలుగా తల్లి దగ్గరే ఉంటోంది. "అమ్మ పోయింది బావా" అంది. సరేనన్నాను. చేతిలో ఉన్న పట్టా చివర రాయి పెట్టి, రెండో చివర లాగి దానిమీదా రాయి పెట్టాను. అప్పుడు వెళ్ళాను.

మీలో చాలామందికి మా అత్త తెలియదు. తన పొలం తాను చేసుకుంటూనే, కోతలయ్యాక మా కల్లంలో తాలు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళకి పెద్దగా ఉండేది. రంగు పోయిన కాయను తాలు అంటాం. ఎర్రకాయల్లో తాలు కలిసి గుంటూరు యార్డుకి వెళితే తన పరువే పోయినట్టు బాధపడేది. కుప్ప ముందు కూర్చుంటే తల ఎత్తేది కాదు. నోరు మాత్రం ఆగేది కాదు.

నిండిన గంపను ఎవరూ ఒంటరిగా నెత్తికి ఎత్తుకోకూడదని ఆమె నియమం. అందరి గంపలకూ తనే ఎత్తు పట్టేది. చివర్న తనది మాత్రం తనే ఎత్తుకునేది. ఇంకొక నియమం, కల్లం దిగే ముందు మజ్జిగ బక్కెట్లో చేతులు కడుక్కోవాలి. "ఇంటికెళ్ళి పసిబిడ్డని ఎత్తుకుంటారు. మీ మంట వాళ్ళకెందుకే?" అనేది. బక్కెట్ తనే తెచ్చేది.

రెండేళ్ళ కిందట, కోతలప్పుడు ఆమె వేళ్ళ కణుపుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మిరప మంట అనుకున్నాం. కనురెప్పలు ఉబ్బి వంకాయ రంగుకి తిరిగాయి. కారం చేత్తో నులుముకుని ఉంటుందనుకున్నాం. మెడ ఎర్రబడింది. ఎండ అనుకున్నాం. ఆమె ఆముదం రాసుకుని పనిలోకి వచ్చేది. కల్లంలో కూర్చునే ఏ ఆడమనిషి చేతులు చూసినా ఎంతో కొంత అలాగే ఉంటాయి. అందుకే ఎవరూ రెండోసారి చూడలేదు, ఆమెతో సహా.

ఆ తర్వాత గంపలు ఎత్తడం మానేసింది. పక్క కుప్ప దగ్గర కూర్చునే ఆవిడ ఊరుకోలేదు.

"ఏమే, మహారాణివైపోయావా? చేతులు లేవట్లేదా?"

"లేవట్లేదే. పింఛనిచ్చి కూర్చోబెట్టా వాటిని."

అందరం నవ్వాం. ఆ వారంలోనే ఒకరోజు ఆమె ఇంటికి వెళితే, మంచం పట్టె మీద మోచేయి ఆనించి, తలనే చేతి దగ్గరకు వంచి దువ్వుకుంటోంది. ముడి మా ఆవిడ వేసింది.

కల్లం ఖాళీ అయింది. కాయలు యార్డుకి వెళ్ళిపోయాయి, చేతులు మాత్రం మానలేదు. మంచం మీద నుంచి లేవడానికి కూడా ఎవరో ఒకరు పట్టుకోవలసి వచ్చేసరికి, గుంటూరులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ కణుపులు చూసింది, కనురెప్పలు చూసింది. చేతులు పైకెత్తమంది. అత్త భుజాల దాకా తెచ్చి ఆపేసింది.

"ఇది కారం వల్ల వచ్చింది కాదండి. పొట్ట స్కానింగ్ చేయించండి."

"పొట్టలో నాకేం బాధ లేదమ్మా" అంది అత్త.

"బాధ లేకపోయినా చేయించాలి."

అండాశయంలో గడ్డ ఉంది. క్యాన్సర్ అన్నారు. డాక్టరమ్మ విడమరచి చెప్పింది. గడ్డ ఉన్న చోట చడీచప్పుడూ ఉండకపోవచ్చు. దాన్ని ఎదిరించడానికి లేచిన ఒంటి కాపలాయే దారి తప్పి చర్మాన్నీ కండల్నీ దెబ్బతీస్తుంది. కొందరికి నరాలు చెడతాయి, కొందరికి గడ్డలోంచి ఊరే రసాల వల్ల ఒంట్లో ఉప్పు పడిపోతుంది. ఇలాంటి మచ్చలు లేచిన అందరికీ గడ్డ ఉండదు గానీ, ఈ వయసులో వెతక్కుండా వదలకూడదు అంది. అత్త అంతా విన్నది.

"దొంగ వంటింట్లో ఉంటే వాకిట్లో చుట్టాల్ని బాదుతున్నారన్నమాట."

డాక్టరమ్మ నవ్వలేదు. "అంతేనమ్మా" అంది.

ఆపరేషన్ చేశారు, ఆపైన మందు ఎక్కించారు. గడ్డ తగ్గేకొద్దీ కణుపులు మామూలు రంగుకొచ్చాయి. చేతులు లేచాయి. జుట్టు ఊడిపోయింది. "చేతులు లేచేసరికి వేసుకోడానికి ముడి లేదు" అని తనే అనేది. మరుసటి కోతలకి కల్లానికి వచ్చి, పక్క కుప్ప ఆవిడ గంప పట్టి నెత్తికి ఎత్తింది. ఆవిడ గంపతో అలాగే నిలబడిపోయింది.

"నడవవే. బరువు నీదా నాదా?" అంది అత్త.

ఆ శ్రావణంలో ఒక పొద్దున నన్ను పిలిచి చేతులు చాపింది. కణుపులు మళ్ళీ ఎర్రబడ్డాయి. అప్పటికి మడుల్లో మిరపనారు మాత్రమే ఉంది. కల్లంలో గడ్డి మొలిచింది.

"ఈసారి నెపం వేయడానికి మిరపకాయ కూడా లేదురా" అంది.

స్కానింగ్‌లో మళ్ళీ కనిపించింది. మళ్ళీ మందు ఎక్కించారు. చేతులు లేవలేదు. తర్వాత మింగడం కూడా కష్టమైంది. కూతురు స్పూనుతో గంజి పోస్తుంటే, మధ్యలో ఆపి నన్ను అడిగేది.

"తాలు ఎవరు చూస్తున్నారు?"

"చూస్తున్నార్లే అత్తా."

"ఎవరు?"

నేను పేర్లు చెప్పేవాణ్ణి. ఆమె కాసేపు ఆలోచించి, మళ్ళీ నోరు తెరిచేది.

అత్త పోయిన రోజు కబురు అందగానే ఆడవాళ్ళు కల్లం నుంచి నేరుగా వచ్చారు. ఆమెకు కడసారి నీళ్ళు పోయడానికి అందరూ లేచారు. పక్క కుప్ప ఆవిడ ఆగమని చెప్పి, ఇంట్లోకి వెళ్ళి, బక్కెట్లో మజ్జిగ కలిపి తెచ్చి వాకిట్లో పెట్టింది. ఒక్కొక్కరే వంగి మోచేతుల దాకా కడుక్కున్నారు. తర్వాతే ఆమెను ముట్టుకున్నారు. అందరూ కడుక్కునేసరికి మజ్జిగ ఎర్రబడింది.

అత్త శుక్రవారం పొద్దున పోయింది. దహనం మధ్యాహ్నానికి అయింది. వాన రాలేదు. ఆడవాళ్ళు శనివారం కల్లానికి వెళ్ళారు. కూతురు పెద్దకర్మ మర్నాడు, పొద్దుటి బస్సుకి సింగరాయకొండ వెళ్ళిపోయింది.