ఏడో హోల్ దగ్గర మా అమ్మ సాక్ష్యం

మే నెల మొదటి సోమవారం, ఉదయం ఏడింటికి డిపో గేటు దగ్గర రిపోర్ట్ చేశాను. నాచారం పారిశ్రామికవాడ వెనక, పొడవాటి గోడ లోపల ఉంటుంది ఆ డిపో. ఆ గోడకు అవతలే మా అమ్మ ఇల్లు, నేను పెరిగిన ఇల్లు. ప్రసవం సెలవు అయ్యాక కొద్ది నెలలకని వచ్చిన పోస్టింగ్. అప్పటికి నేను కెప్టెన్‌ని. టెంట్లు, బూట్లు, విడిభాగాల నిల్వలు చూసే పని అనుకున్నాను. కమాండెంట్ మొదటి రోజే ఇచ్చిన ఆదేశం వేరు.

“నెలాఖరున గోల్ఫ్ పోటీ. రూల్స్ ఆఫీసర్ నువ్వే.”

గోల్ఫ్ కర్ర ఎప్పుడూ ముట్టుకోలేదని చెప్పాను.

“మంచిది. ఆడేవాళ్లు వాదిస్తారు. నువ్వు చదువుకో చాలు.”

బయటివాళ్లు దీన్ని నమ్మరు. సైన్యంలో చిన్న అధికారికి అసలు పనితో పాటు ఇలాంటిది ఒకటి తగిలిస్తారు. ఒకరికి మెస్, ఒకరికి తోట. నాకు ఇది. ఉప్పల్‌లో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా చుట్టాలు “బార్డర్ల ఏం జూసినవ్ బిడ్డా?” అని అడుగుతారు. నేను చూసింది గోల్ఫ్.

తొమ్మిది హోల్స్ ఉన్న మైదానం. ఎర్రమట్టి, గుండ్రాళ్లు, ఎండి గరుకైన గడ్డి, మధ్యలో నాలా. నలభై రెండు డిగ్రీల ఎండ. గాలి తిరిగితే ఫ్యాక్టరీల వాసన. యూనిఫాం, టోపీ, వాకీటాకీ, అరచేతిలో పట్టే రూల్స్ పుస్తకం. ఇదీ నా సరంజామా.

బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే కొట్టాలి. తక్కువ దెబ్బల్లో దాన్ని హోల్‌లో వేసినవాళ్లదే గెలుపు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే తలనొప్పి. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే. దొరక్కపోతే ఒక దెబ్బ శిక్షగా కలుపుకుని, ముందు కొట్టిన చోటికి తిరిగి నడవాలి. ఎర్ర కర్రలు పాతిన నాలాలో పడితే ఒక దెబ్బ శిక్షతో బంతిని బయట వేసుకోవచ్చు. ఇసుక గుంటలో కొట్టేముందు కర్రతో ఇసుకను తాకి చూస్తే రెండు దెబ్బలు. వెతుకుతుండగా కాలు తగిలి బంతి కదిలితే ఏమీ లేదు. ఊరికే నడుస్తూ తన్నితే ఒక దెబ్బ. ఎందుకలా అని అడిగితే ఎవరూ చెప్పరు.

నాతో తిరిగే రేడియో హవల్దార్ జనగామ వైపు మనిషి. నేను పైకి చదువుతుంటే విని అన్నాడు: “గింత కథ కోర్టుల గూడ ఉండదు మేడమ్.”

అన్నిటికన్నా చికాకు గోడతోనే. గోడ దాటి అవతల ఆగిన బంతి హద్దు బయటిది. ఒక దెబ్బ శిక్ష, మళ్లీ మొదటి చోటి నుంచి కొట్టడం. కానీ అవతల ఏ ఇంటికో తగిలి దానంతటదే ఎగిరి లోపలికి వచ్చిపడితే శిక్ష లేదు. పుస్తకం రాసినవాళ్లకు మా వీధి తెలియదు. గోడ వెంట ఉన్న ఇళ్లవాళ్లందరికీ ఒక అలవాటు. పెరట్లో బంతి పడితే తీసి లోపలికి విసురుతారు. అలా వచ్చింది హద్దు బయటిదే. పోటీ రోజు అలా చేయొద్దని మా అమ్మతో ఇంటింటికీ చెప్పించాను.

అప్పటికి మా పాపకు ఎనిమిది నెలలు. నేను డ్యూటీలో ఉంటే అమ్మ దగ్గరే. నాకు తూర్పు కొండల్లోకి బదిలీ వస్తుందని తెలిసిపోయింది. పాప ఇంకా పాలు తాగుతోంది. మరో ఏడాది ఇక్కడే ఉంచమని అర్జీ పెట్టాను. దాని మీద కమాండెంట్ తన అభిప్రాయం రాసి పైకి పంపాలి. పోటీ రోజుకి ఆ కాగితం ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది.

ఆ ఆదివారం పదింటికి కమాండెంట్, బయటి స్టేషన్ నుంచి వచ్చిన అతిథి కల్నల్ ఇద్దరూ సమానమైన దెబ్బలతో ఏడో హోల్‌కి చేరారు. హవల్దార్‌ని అక్కడ నిలబెట్టి నేను ఎనిమిదో హోల్ దగ్గర ఉన్నాను. రేడియో మోగింది.

“రూల్స్, ఇది సెవెన్. కమాండెంట్ సాబ్ బంతి గోడ దాటింది. ఠక్కుమని సప్పుడైంది. ఓవర్.”

“హద్దు బయటే కదా? ఓవర్.”

“ఆగున్రి. బంతి లోపల్నే ఉంది మేడమ్. గడ్డి మీద. ఓవర్.”

పరుగున వెళ్లాను. గోడకు నాలుగడుగుల ఇవతల తెల్లగా ఉంది బంతి. కమాండెంట్ చెమట తుడుచుకుంటూ నవ్వారు.

“వాటర్ టాంకీకి తగిలి తిరిగొచ్చింది. శబ్దం అందరం విన్నాం.”

“అంతేనా కెప్టెన్?” అన్నాడు అతిథి కల్నల్.

గోడ మీద మా అమ్మ తల లేచింది. బట్టలుతికే బండ ఎక్కి నిలబడింది, చంకలో పాప.

“అమ్మా, బంతి టాంకీకి తగిలి మళ్లీ ఇటే పడిందా?” అని అడిగాను. అవునంటే చాలు. మనసులో ఆ ఒక్క మాట కోసమే చూశాను.

“టాంకీకి తగిలి వంకాయ మడిల వడ్డది. నేనే తీసి ఏసిన.”

“వేయొద్దన్నాను కదా.”

“అన్నవ్ గానీ, గది పెద్దసారుదని జూసిన. ఆయనది గూడ మనం దాసుకుంటమా? మన కాగితం ఆయన తాననే ఉండె గదా బిడ్డా.”

అక్కడున్న వాళ్లలో తెలుగు అర్థమయ్యేది నాకు, హవల్దార్‌కి. హవల్దార్ రేడియో యాంటెన్నా సరిచేయడం మొదలుపెట్టాడు, అది సరిగానే ఉన్నా.

“ఏమంటోంది?” అన్నారు కమాండెంట్.

కాగితం సంగతి వదిలేసి మిగతాది చెప్పాను. “బంతి పెరట్లో ఆగింది సర్. తీసి విసిరింది మా అమ్మ. హద్దు బయట. ఒక దెబ్బ శిక్ష. మొదటి చోటి నుంచి మళ్లీ కొట్టాలి.”

“మీ అమ్మా?”

“అవును సర్.”

ఆయన గోడ వైపు చూశారు, నా వైపు చూశారు. “ఓకే” అని జేబులోంచి ఇంకో బంతి తీసి వెనక్కి నడిచారు.

“ఇచ్చినందుకు శిక్షనా?” అంది అమ్మ. “గిదేం ఆట?”

రెండు దెబ్బల తేడాతో ఆయన ఓడిపోయారు. మర్నాడు నా అర్జీ పైకి వెళ్లింది. దాని మీద ఏం రాశారో నాకు చూపించలేదు. జూలైలో జవాబు వచ్చింది: వీలుపడదు. “సాబ్ మంచిగనే రాసిండు మేడమ్, పైన ఆగింది” అన్నాడు హవల్దార్. “నేనే ఆగం జేసిన” అంది అమ్మ. ఇద్దరిలో ఎవరూ ఆ కాగితం చూడలేదు. నేనూ చూడలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు. అదే నాకు ఒళ్లుమంట.

కొండల్లో పధ్నాలుగు నెలలు. వాన, జలగలు, తడిసిన గుడారాల లెక్కలు. సిగ్నల్ దొరికితే అమ్మ దగ్గరున్న పాపతో వీడియో కాల్. నా సర్వీసు గడువు ముగిసింది, పొడిగించమని అడగలేదు. సికింద్రాబాద్‌లో రైలు దిగి, మధ్యాహ్నం ఆటోలో నాచారం చేరాను. పాప గుమ్మంలో నిలబడి నన్ను కాసేపు చూసింది. లోపలికి వెళ్లి అమ్మమ్మ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో వాళ్లమ్మను చూపించమంది.

ఇప్పుడు నా పక్కనే పడుకుంది. నేను లేస్తే లేస్తుంది. బయట ఎవరైనా సైన్యం గురించి అడిగితే నాకు కొండలు గుర్తురావు. ఎండలో, ఆ పొడవాటి మైదానంలో ఒక్కడే వెనక్కి నడుస్తున్న కమాండెంట్ వీపు కనిపిస్తుంది. గోడ మీద అమ్మ చంకలోంచి పాప ఆయనకు టాటా చెబుతోంది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించుతోంది. పాప మళ్లీ ఎత్తుతోంది.