ఆముదం పట్టబోయిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నమే నా థీసిస్ మీద ఆఖరి సంతకం పడింది. అమ్మవైపు గానీ నాన్నవైపు గానీ మా వాళ్ళలో పదో తరగతి దాటినవాళ్ళు లేరు. నేను ఇండియాలో పశువైద్యం చదివి, అమెరికా వచ్చి మాస్టర్స్ కూడా పూర్తి చేసేశాను! ఇర్వింగ్‌లో నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి ఆంటీకి ముందు చెప్పాలని, బూట్లైనా విప్పకుండా "ఆంటీ!" అని అరుచుకుంటూ వెళ్ళాను.

"మంచి టైమ్‌కి వచ్చావ్. రా, దీన్ని పట్టుకో," అన్నారు ఆంటీ బాత్‌రూమ్‌లోంచి.

లోపలికి వెళ్ళగానే, పిల్లి పారిపోకుండా తలుపు మూసేశారు. టబ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాం. ఆంటీ చేతిలో గిన్నెడు ఆముదం. వాళ్ళ మగపిల్లి ఇసుక ట్రేలో నడుం వంచి ముక్కుతోంది.

"పొద్దున్నుంచీ ఇదే వరస. మోషన్ అవ్వట్లేదు పాపం. మా పిల్లలకీ ఆముదమే పట్టా, తాడిచెట్లలా ఎదిగారు."

ఇసుకలో తడిసి ఉండకట్టిన చోటు ఒక్కటీ లేదు. పొట్ట మెల్లగా తడిమాను. మూత్రాశయం బత్తాయంత గట్టిగా తగిలింది. వెంటనే చెయ్యి తీసేశాను. నొక్కితే పగిలిపోవచ్చు.

"మోషన్ కాదాంటీ. యూరిన్ బ్లాక్ అయింది. మగపిల్లులకి ఆ దారి సన్నం. ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళకపోతే బతకదు."

"నువ్వు డాక్టర్‌వేగా, ఏదో ఒకటి చెయ్యి!"

"ఇక్కడ నాకు లైసెన్స్ లేదాంటీ. ట్యూబ్ లేదు, మత్తుమందు లేదు."

నా చేతికి అంతా తెలుసు. ఆ చేత్తో చేయగలిగింది తలుపు తీయడమొక్కటే.

అంకుల్ కార్ తీశారు. హైవే ఎక్కగానే ముందంతా ఎర్ర లైట్లు. ఎగ్జిట్ కళ్ళెదురుగానే ఉంది, చక్రం కదలదు. నా ఒళ్ళో బుట్టలో ఉన్న పిల్లి అరుపు ఆపేసింది.

"హమ్మయ్య, నిద్రపోయింది," అన్నారు ఆంటీ.

"నిద్ర కాదు, సోలిపోతోంది. అంకుల్, రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న షోల్డర్ మీద వెళ్ళిపోదామా?"

"పోలీస్ ఆపితే నా గ్రీన్‌కార్డ్ సంగతి నువ్వు చూస్కుంటావా తల్లీ?" అంటూనే అంకుల్ ఇండికేటర్ వేసేశారు.

హాస్పిటల్లో డాక్టర్ పొట్ట తడిమి, నేనన్న మాటే తనూ అని, బుట్టతో సహా లోపలికి పరిగెత్తింది. మేం కుర్చీల్లో బిగుసుకుపోయాం.

"అవునూ, ఏదో అరుస్తూ వచ్చావ్, ఏంటి?" ఆంటీకి అప్పుడు గుర్తొచ్చింది.

నాలుక చివరే ఉంది. ఆ మూసిన తలుపు చూస్తే నోరు రాలేదు. "తర్వాత చెప్తా."

ఎంతసేపటికో నర్స్ బయటికొచ్చి, మూత్రం బాగా వస్తోంది, పిల్లికి ప్రాణభయం లేదంది.

"ఆంటీ, నా మాస్టర్స్ అయిపోయింది!" అని అరిచాను. పక్కనున్న కుక్క ఉలిక్కిపడి మొరిగింది.

ఆంటీ నన్ను గట్టిగా వాటేసుకున్నారు.

అంకుల్ మాత్రం, "ఇంతసేపూ బిగబట్టుకుని కూర్చున్నావా? నువ్వూ ఆ పిల్లికి తోడు!" అన్నారు.