బాపు రావు మామ ఎంచిన గంజు

బాపు రావు మామకు ఒకటే పిచ్చి: మంచి స్టీలు గిన్నె. కొనడం కాదు, ఎంచడం. తన ఇంటికైనా సరే, పొరుగింటికైనా సరే, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషికైనా సరే. జగిత్యాలలో ఎవరో గిన్నె కొనబోతున్నారని చెవిన పడితే చాలు, చెప్పులు వేసుకొని వాళ్లకంటే ముందే వీధిలో ఉండేవాడు.

ఆయన నాకు మేనమామేమీ కాదు, పక్కింటాయన. మాదీ అద్దిల్లే, ఆయనదీ అద్దిల్లే. వెల్గటూర్ వైపు ఒక పల్లెలో వాళ్లకు పెద్ద ఇల్లు, పొలాలు ఉండేవి. నక్సలైటు అన్నలు వచ్చి వాకిట్లో ఎర్రజెండా పాతాక, ఆ చుట్టుపక్కల దొరలందరిలాగే ఈయనా ఇంటికి తాళం వేసి, సరోజత్తను వెంటబెట్టుకొని జగిత్యాల చేరాడు.

"ఊరి మీద పెత్తనం పాయె. మనిషన్నంక దేని మీదనో ఒకదాని మీద పెత్తనం ఉండాలె గద బిడ్డా! మీ మామ గిన్నెల మీద వడ్డడు" అని సరోజత్త నాతో అనేది.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. పాత రేడియోలోంచి పీకింది. గిన్నెకు అది అంటుకుందా, మామకు ఆ గిన్నె పడదు. ఆ అయస్కాంతం దెబ్బకు ఆయన చేతి గడియారం ఏనాడూ సరైన టైము చూపలేదు. అందుకేనేమో, దుకాణంలో ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకు తెలిసేది కాదు. తెలిసిందల్లా దుకాణాదారుకే.

క్లాక్ టవర్ దగ్గర ఆనందం సేటుది గిన్నెల దుకాణం. ఒకసారి మా అమ్మ చాయ గిన్నె కొనబోతే మామ వెంట వచ్చాడు. ఆయన్ను చూడగానే సేటు లేచి గ్లాసెడు నీళ్లు తాగాడు, యుద్ధానికి పోయేవాడిలా.

మామ మొదటి గిన్నెను చెవి దగ్గర పెట్టుకొని వేలితో కొట్టాడు. "గొంతు బొంగురుపోయింది. తియ్యి." రెండోదాని అంచు మీద బొటనవేలు నడిపించాడు. "తోమేటోళ్ల చేతులు తెగుతయి. తియ్యి." మూడోదాన్ని ఖాళీగా గద్దె మీద పెట్టాడు. పిడి బరువుకు అది పక్కకు వాలింది. "సూసినవా చెల్లే? ఒరిగే గిన్నె, ఒరిగే మనిషి ఇంట్ల ఉండొద్దు." నాలుగోదానిలో నీళ్లు పోయించి వంచాడు. ధార సన్నగా పడక గిన్నె మూతి వెంబడి కారి సేటు పంచె తడిసింది.

"నేను చెప్పలే?" అన్నాడు మామ, పంచె తడవడం తన గెలుపైనట్టు.

చాయ వేళ దాటిపోయింది. సేటు ఓపిక చచ్చి తన ఇంటి నుంచి చాయ తెప్పించాడు. మామ చాయ తాగలేదు. అది వచ్చిన గిన్నెను ఎత్తి, కొట్టి, వంచి, అడుగు తడిమి, "గిది కట్టియ్యి" అన్నాడు.

"బాపు రావు గారూ, అది అమ్మేది గాదు! మా ఇంటిది!"

"గందుకే మంచిగున్నది. మంచియి ఇంటికి దాచుకొని, మాకు గివి అంటగడ్తున్నవ్!"

చివరికి ఆ గిన్నే మా ఇంటికి వచ్చింది. ఇప్పటికీ అందులో పాలు మాడవు.

హన్మండ్లు సంగతి చెప్పాలి. మామ ఊళ్లో కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. మనుమరాలికి పేరు పెట్టే పండుగ పెట్టుకున్నాడు. ఇంట్లో ఉన్న సిల్వర్ గంజుకు చిల్లిపడిందట. ఊరందరికీ బగార అన్నం వండేంత పెద్ద స్టీలు గంజు కొనాలని భార్య కొమురమ్మతో కలిసి జగిత్యాల వచ్చి, తిన్నగా మామ ఇంటికే చేరాడు. ఊళ్లో అన్నలు ఎవరినీ దొరా అనొద్దన్నారు. పుట్టినప్పటి నుంచి అలవాటైన నోరేమో వినదు.

"దొ... గాదు, సార్. జర మంచి గంజు సూసియ్యుండ్రి."

"ఏదో ఒకటి పిలువయ్యా హన్మండ్లు. గంజు మాత్రం నేనే సూస్త."

ఆ రోజు ఆనందం సేటు దుకాణంలో మామ విజృంభించాడు. మందమైన అడుగు, గుండ్రని అంచు, గట్టి చెవులు, గుడిగంట లాంటి మోత. అలాంటి గంజును పై అరలోంచి, సేటు వద్దు వద్దంటున్నా, తానే నిచ్చెనెక్కి దించాడు. "జగిత్యాలల ఇసొంటిది ఇంకోటి లేదు" అని బస్సు దాకా తానే మోసి, ఎక్కించి వచ్చాడు.

మధ్యాహ్నానికి కొమురమ్మ ఒక్కతే ఏడ్చుకుంటూ తిరిగొచ్చింది. దారిలో పోలీసులు బస్సు ఆపారట. ఒళ్లో అంత పెద్ద గంజు చూసి, "అడవిలో ఎవరికి వండి పెడుతున్నావ్?" అని హన్మండ్లును దించేసి క్యాంపులో కూర్చోబెట్టారట. ఆ రోజుల్లో అలా కూర్చోబెట్టిన మనుషులందరూ లేచి ఇంటికి రాలేదు.

మామ చెప్పులు వేసుకున్నాడు. సరోజత్త నన్ను కూడా పంపింది, చదువుకున్న పిల్లను కదా, ఎస్సైతో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడతానని. నాకు ఒక్క ముక్కకూ అవకాశం రాలేదు.

రోడ్డు పక్కన డేరాలు. ఎస్సై కోస్తా వైపు కుర్రాడు. బల్ల మీద గంజు తళతళలాడుతోంది. డేరా గుంజ దగ్గర హన్మండ్లు మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. అప్పుడే ఆపిన ఇంకో బస్సు జనమంతా మమ్మల్నే చూస్తున్నారు.

"సార్, నేను బాపు రావు. గా గంజు నేను కొనిపిచ్చిన. మనుమరాలి పండుగ సార్, ఊరంత తింటది."

"అందరూ అలాగే చెప్తారండి."

"అన్నలు నా వాకిట్ల జెండ పాతిండ్రు. గసొంటోళ్లకు నేను గంజు కొనిపిస్తనా?"

"బెదిరిస్తే కొనిపిస్తారు" అన్నాడు ఎస్సై. అంతటితో మాట అయిపోయినట్టు టోపీ పెట్టుకున్నాడు.

మామ గంజు వైపు చూశాడు. చేయి చాచి దాని అంచును ఒకసారి నిమిరాడు. ఆ తర్వాత ఆయన నోట వచ్చిన మాటలు నేను జన్మలో వింటాననుకోలేదు.

"బెదిరిస్తే మంచిది కొనిపిస్తుంటి గద సార్! పానం మీద తీపి ఉన్నోడు అన్నలకు గిసొంటి పనికిమాలిన గంజు కొనిపిస్తడా? గిండ్ల వండి పెడితే మాడు కంపుకు వాళ్లే నన్ను కాల్చి పారేస్తరు!"

ఎస్సై ఆగాడు. "అంత పనికిమాలినదైతే వీడికెందుకు కొనిపించారు?"

బస్సు జనం వింటున్నారని మామకు తెలుసు. అందులో జగిత్యాల వాళ్లూ ఉన్నారు.

"నాకు గిన్నెలు సూసుడు రాదు సార్. వచ్చినట్టు తిరుగుత."

ఎస్సై నవ్వాడు, కానీ వదల్లేదు. "ఇక్కడే వండి చూద్దాం. మాడకపోతే మీరిద్దరూ ఇక్కడే ఉంటారు."

ఆ గంజులో అన్నం మాడ్చడం ఎవరి తరం?

మామ తరం. వంట చేసే కానిస్టేబుల్ బియ్యం ఎక్కించగానే, సాయం చేస్తానని మామ పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఎసరు ఎక్కువైంది" అని రెండు గ్లాసులు తోడేశాడు. ఎస్సై అటు చూసినప్పుడల్లా ఇటు ఒక కట్టె తోశాడు. ఎస్సై ఇటు తిరిగితే, "మీ ఇంట్ల పాలు మాడుతయా సార్?" అని అడిగాడు.

"రోజూనండీ! మా ఆవిడని రోజూ అంటూనే ఉంటాను."

"అమ్మ తప్పు గాదు సార్, గిన్నె తప్పు. ఇంటికివోయి తప్పయిందనుండ్రి."

ఎస్సై కుర్చీ దగ్గరకు జరుపుకొని తన సంసారమంతా చెప్పుకొచ్చాడు. మామ ఊ కొడుతూ ఇంకో కట్టె తోశాడు. ఇంట్లో ఒక్క మెతుకు మాడితే పస్తు పడుకునే మనిషి, చెమటలు కక్కుతూ, కళ్లు మంటలతో, ఒక మేలైన గంజు అడుగును చేజేతులా నల్లగా చేస్తుంటే నేను చూశాను.

కంపు డేరాలన్నీ చుట్టింది. కానిస్టేబుల్ మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"నిజమే, ఎందుకూ పనికిరాదు" అన్నాడు ఎస్సై. మామ మొహం సూది గుచ్చినట్టయింది. "అవును సార్" అన్నాడు.

"పోవయ్యా. ఈ డొక్కును కూడా పట్టుకుపో."

రోడ్డెక్కాక హన్మండ్లు మెల్లగా అడిగాడు. "దొ... సార్, గంజు నిజంగనే పనికిరాదా?"

మామ వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "సన్న బూడిద వెట్టి తోము. పీచు రుద్దితే నీ సంగతి చెప్త" అన్నాడు.

మేం జగిత్యాల చేరేసరికి కబురు మా కంటే ముందే చేరింది. ఆనందం సేటు దుకాణంలో లడ్డూలు పంచాడు. "పోలీసోళ్ల ముంగట ఒప్పుకున్నడట, సూసుడు రాదని!" ఆ తర్వాత గిన్నెలకు మామను ఎవ్వరూ పిలవలేదు. ఎస్సై కూడా సేటు దుకాణానికి వచ్చి, "బాపు రావు వద్దన్న గిన్నె ఏదో అది ఇవ్వండి" అని కొనుక్కుపోయాడట. పాపం, ఆ ఇంట్లో పాలు ఇంకా మాడుతూనే ఉండి ఉంటాయి.

నాకు ఉక్రోషం ఆగలేదు. "జరిగింది అందరికీ చెప్తా మామా" అన్నాను.

"నోరు మూసుకో బిడ్డా. నాకు గిన్నెలు ఎరుకని తెలిస్తే హన్మండ్లు మల్ల లోపటికి వోతడు."

పేరు పెట్టే పండుగకు హన్మండ్లు స్వయంగా వచ్చి తీసుకుపోయాడు. తాళం వేశాక మామ ఆ ఊరికి పోవడం అదే మొదలు. ఆయన పెద్దింటి వైపు చూడలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి పోయాడు. గంజు మళ్లీ తళతళలాడుతోంది. కొమురమ్మ గరిటెతో అడుగు దాకా గీరి చూపింది. ఒక్క మెతుకు కూడా అంటలేదు.

పంక్తిలో కూర్చున్న ముసలాయన ఒకడు అరిచాడు. "ఏం దొరా, గీ గంజే గద పనికిరాదన్నవ్? బగార ఇంత మంచిగెట్లయింది?"

మామ విస్తరి మీంచి తల ఎత్తలేదు.

"గంజుదేమున్నదయ్యా? కొమురమ్మ చేతి గుణం" అన్నాడు. కొమురమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఆయన విస్తట్లో ఇంకో పెద్ద గరిటెడు వడ్డించింది.