దిగినందుకు మెడల్

బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక వచ్చిన ఎండాకాలంలో, నేవీ పైలట్ అయిన మా బావ రెండు పతకాలతో మెదక్ వచ్చాడు. విశాఖపట్నంలో నర్సుగా పనిచేస్తున్నప్పుడు అక్క చేసుకున్న మనిషి. వాళ్లది కాకినాడ వైపు. ఆదివారం చర్చి హాల్లో సన్మానం పెట్టారు. అల్లుడి గురించి మాట్లాడే బాధ్యత మిషన్ బడిలో లెక్కల మాస్టరైన మా బాపు మీద పడింది.

శనివారం పొద్దున బాపు అతన్ని కూర్చోబెట్టి వివరాలు అడిగాడు. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. మొదటి పతకం శత్రువుల రేవు మీద దాడి చేసినందుకు. బాపు తల ఊపాడు. రెండోది, గుండ్లు తగిలి రెక్క చిల్లులు పడిన విమానాన్ని తిరిగి ఓడ మీద దింపినందుకు.

"ఎగిరినోడు దిగుడే గదా? దానికి గూడ మెడల్ ఇస్తరా?"

బావ నవ్వాడు. "ఓడ మీద రన్‌వే చాలా చిన్నదండి, మావయ్యగారూ. బ్రేకులు సరిపోవు. విమానం తోక కింద కొక్కెం ఉంటుంది. ఓడ మీద అడ్డంగా కట్టిన తీగను అది పట్టుకుంటేనే ఆగుతాం."

"పట్టకపోతే?"

"వెంటనే మళ్లీ ఎగరాలి. అందుకే దిగీ దిగగానే ఇంజను ఫుల్లుగా పెట్టేస్తాం."

ఆగడానికి స్పీడు పెంచడమేమిటో బాపుకు మింగుడు పడలేదు. బావను పలకరించడానికి వచ్చి అంతా వింటున్న సైకిల్ షాపు చాచా లేచాడు.

"పరేషాన్ గాకుండ్రి మాస్టర్ సాబ్. నా సైకిల్ ఉన్నది గదా, జర చేసి చూద్దాం."

బావ వద్దన్నాడు. ఎవరూ వినలేదు. బావిలో పడ్డ బొక్కెనలు తీసే గాలాన్ని చాచా తన సైకిల్ వెనక గట్టిగా కట్టుకున్నాడు. నేనూ బాపూ జామచెట్టుకూ గేటు స్తంభానికీ మధ్య, నేలకు వేలెడు ఎత్తున మోకు కట్టాం.

మొదటిసారి గాలం మోకును తప్పించుకుపోయింది. చాచా బ్రేకు వేశాడు.

"ఆగకూడదు చాచా, ఎగరాలి!" అని అరిచాడు బావ. అప్పటికి అతనూ సరదాలో పడిపోయాడు.

రెండోసారి మోకు దగ్గరికి రాగానే చాచా పెడళ్ల మీద నిలబడి బలమంతా పెట్టి తొక్కాడు. గాలం పట్టుకుంది. సైకిల్ ఆగింది. చాచా ఆగలేదు. హ్యాండిల్ మీది నుంచి ఎగిరి, అమ్మ ఆరబోసిన ఎండుమిరపకాయల్లో దిగాడు.

అందరం పరుగెత్తాం. చాచా తుమ్ముతూ, కళ్లు నలుపుకుంటూ లేచాడు. "మాస్టర్ సాబ్, గీ పనికి ఒక్క మెడల్ సాలదు. నాలుగియ్యాలె!"

సన్మానంలో బాపు యుద్ధం మాటే ఎత్తలేదు. కొక్కెం, తీగ, దిగుడు, అంతే. అరచేత్తో ఎన్నిసార్లు విమానం దింపాడో! మోచేతికి కట్టుతో ముందు వరసలో కూర్చున్న చాచా, చప్పట్లు పడిన ప్రతిసారీ లేచి సలాం చేశాడు. పతకాల మనిషి మాత్రం తల వంచుకుని నవ్వాపుకుంటున్నాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది. "అట్ల దిగేటప్పుడు భయం గాదా, బాబూ?"

"ప్రతిసారీ అవుతుందండి, అత్తయ్యగారూ. ఆ రోజయితే మరీ ఎక్కువ."

అక్క తినడం ఆపి అతని వైపు చూసింది. ఆమెకూ ఆ మాట కొత్తే. అమ్మ అతను చాలంటున్నా వినకుండా ఇంకో గరిటె పప్పు వేసింది.